చక్రవర్తి కొక్కెం

“ఆ కొక్కెం మీద నీ చెయ్యి పడిందో, నీ నిచ్చెన మీద నా చెయ్యి పడుతుంది,” అంది పెరీనా మేడమీది కిటికీలోంచి.

సగం ఎక్కిన లోవ్రె ఆగిపోయాడు. పురావస్తు శాఖలో చేరి ఆర్నెల్లే అయింది పాపం.

“పెద్దమ్మా, ముందు ఈ కాగితం వినండి. కోటగోడకి జనం కొట్టిన ఇనుప సామానంతా తీసెయ్యాలి. తీసేశాక...”

“తీసేశాక నా బట్టల తాడు దేనికి కట్టుకోను, నీ మెడకా?”

ఆవిడ బాధ ఆవిడది. ఈ స్ప్లిట్ పట్నంలో, ఏనాటిదో రోమన్ చక్రవర్తి కోటలోనే జనం కాపురాలు. ఆయన గోడే పెరీనా పడకగదికీ గోడ. ఆ సందులో ఎండ పడేది పది నుంచి ఒంటిగంట దాకా, అదీ ఆ కొక్కెం దగ్గరే. యాత్రికుల గదుల దుప్పట్లు ఉతికి, అక్కడ ఆరేసి బతుకుతోంది. తాడు పోతే పొయ్యిలో పిల్లి లేవదు.

“జనం కొట్టినవేగా తియ్యాలి? ఇది చక్రవర్తి కొట్టించింది,” అంది.

ఎదురింటి కిటికీలో మాండె పకపకా నవ్వింది. “పోయినేడు దానికి పచ్చరంగు వేసింది నువ్వేగా?”

“రంగు నాది. కొక్కెం ఆయనది. కావాలంటే గీకి చూసుకో నాయనా.”

పెరీనా నోటికొచ్చింది అనేసింది, అంతే. లోవ్రె నవ్వుతూ మిగతా మెట్లెక్కి, చిన్న కత్తి తీసి గీకాడు. ఒక పొర రంగు, రెండు, ఐదు. నవ్వు ఆగింది. ఇనుము కాదు, కంచు. పాత రోమన్ పద్ధతిలో, రాతిలో సీసం కరిగించి పోసి బిగించారు.

“పెద్దమ్మా, ఇది నిజంగా ఆయన కాలందే,” అన్నాడు మెల్లగా.

“విన్నావటే మాండె?” పెరీనా తడి దుప్పటి దులిపింది. “ఇక దిగు నాయనా, ఎండ పోతోంది.”

లోవ్రె దిగలేదు. తాడు ముడి విప్పి జాగ్రత్తగా ఆవిడ చేతికిచ్చాడు. “పదిహేడు వందల ఏళ్ల నాటిది. ఇక దీనికి దారప్పోగు కూడా కట్టకూడదు. చుట్టూ రెండు గజాల్లో మేకు కొట్టకూడదు.”

పెరీనా తాడు కొస పట్టుకుని కొక్కెం కేసి చూసింది. అప్పుడడిగింది, “ఇందాక తీసేశాక అన్నావు. తీసేశాక ఏమిటి?”

“అక్కడే కొత్త స్టీలు కొక్కెం బిగించి ఇమ్మన్నారు,” అన్నాడు లోవ్రె, సంచిలోంచి దాన్ని తీసి చూపిస్తూ. “పాతది ఇనుపదైతే.”