మర్యాద కలిపిన మాట

ఆ కాలానికి పరాయి దేశంతో ఎవరేం మాట్లాడినా, యంత్రమే అనువదించి, మర్యాద కలిపి పంపేది. మాట తూలి వ్యాపారాలు చెడకూడదని దేశాల మధ్య ఒప్పందం.

కైకలూరు మంగతాయారు చిలీకి పంపిన రొయ్యలు అక్కడి రేవులో ఉన్నాయి. కంటైనర్‌లో చల్లదనం ఆగిపోయిందని ఆమె ఫోన్ మొత్తుకుంటోంది. చెరువుగట్టు మీంచే, ఆ సరుకు కొన్న ఇనేస్‌కు వీడియో కాల్ చేసింది.

"రొయ్యలు కుళ్లిపోతున్నాయమ్మా! వెంటనే దింపించు!"

యంత్రం స్పానిష్‌లో ఏదో తీయగా పలికింది. ఇనేస్ నవ్వి తలూపింది.

"మీ స్నేహం మాకు గర్వకారణం" అని తెలుగులో జవాబొచ్చింది.

"స్నేహం తగలెయ్య! కంటైనర్ చూడు!"

"మీకూ శుభం కలుగుగాక."

మంగతాయారుకు ఏడుపొచ్చింది. గట్టున పడున్న చచ్చిన రొయ్యను తీసి, ఫోన్ ముందు ఆడించి, ముక్కు గట్టిగా మూసుకుంది. ఇనేస్ నవ్వు ఆరిపోయింది. కుర్చీ తన్నేసి బయటికి ఉరికింది.

"చర్చలు సంతృప్తికరంగా ముగిశాయి" అంది యంత్రం.

"ఏమందే ఆవిడ?" అడిగాడు భర్త సుబ్బరాజు.

"ఏమందో ఆ యంత్రానికే తెలియాలి. పరిగెత్తింది, అది చాలు" అంటూ మంగతాయారు గట్టు మీద కూలబడింది.

సగం సరుకు దక్కింది.