పక్క మంచం మీది చప్పుడు

పాప గుండెలో పుట్టుకతోనే ఉన్న రంధ్రాన్ని ఆ మధ్యాహ్నమే మూశారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, చిన్న గొడుగులాంటి బిళ్ళ అమర్చారు. రాత్రి డ్యూటీ నర్సు స్టెతస్కోపు పెట్టి వింది. నిన్నటిదాకా వినబడిన ‘ఉస్సు’ మాయమైంది.

“నీ గుండెలో ఆ చప్పుడు పోయిందమ్మా,” అంది సంతోషంగా.

“పోలేదక్కా. బయటికొచ్చి పక్క మంచం మీద పడుకుంది,” అంది పాప.

పక్క మంచం ఖాళీ. నర్సు నవ్వేసింది. కానీ ఉండబట్టలేక వెళ్ళి, ఆ పరుపుకి స్టెతస్కోపు ఆనించింది.

ఉస్సు... ఉస్సు... వింటున్నకొద్దీ వేగం పెరుగుతోంది.

“భయపడుతోందక్కా,” అంది పాప నిద్రమత్తులో. “ఎప్పుడూ ఒంటరిగా పడుకోలేదు కదా. కాస్త దుప్పటి కప్పవా?”

నర్సు ఆ ఖాళీ మంచం మీద దుప్పటి కప్పి, మళ్ళీ స్టెతస్కోపు ఆనించింది.

చప్పుడు మెల్లగా నెమ్మదించింది.