తెగని దారాలు

"నొప్పెడతాదా అమ్మా?" అడిగాడు నూకయ్య.

తెర మీద పచ్చటి దారాలు మెల్లగా కదులుతున్నాయి. మొన్న వానాకాలంలో చనిపోయిన అతని మనవరాలు ప్రణతి చర్మంలోంచి తీసిన కణాలవి.

"కణాలకు నొప్పి తెలియదు తాతా," అంది రష్మిత.

ఖరగ్‌పూర్ శివార్లలో ఒక చిన్న ప్రైవేటు ల్యాబు అది. అక్కడి మైక్రోస్కోపు వెంట్రుకలో వెయ్యో వంతును కూడా చూపిస్తుంది. అక్కడ రష్మిత చేసే పరిశోధనంతా ఇలాంటి కణాల మీదే.

"ఈ దారాలు మైటోకాండ్రియా. కణానికి బలం వీటి నుంచే. మామూలుగా ఒక వలయం వీటిని చుట్టుకుని బిగుసుకుంటుంది, దారం రెండుగా తెగుతుంది. ప్రణతి కణాల్లో వలయం చుట్టుకుంటుంది గానీ బిగుసుకోదు. అన్నీ ఇలా చిక్కుపడిపోతాయి."

నూకయ్య ముందుకు వంగి చూశాడు. రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన మనిషి. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు.

"ఇంకా బతికున్నాయని ఫోన్లో అన్నావు గదా."

ఓదార్పుగా ఉంటుందని అన్న మాట అది. రష్మిత తల దించుకుంది.

"ఆ మాట ఇన్నకాడి నుంచి మా కోడలు కూడు ముట్టడం లేదు. పిల్లని కాల్సేసినాం, దినం సేసినాం, ఇంకా ఇక్కడేటి బతికున్నాదంటాది. మీ ల్యాబు పెట్టిలో ఒక్కర్తీ ఉండిపోనాదని ఏడుస్తాది. ఇచ్చీమ్మా. ఏట్లో కలిపీసి వస్తాను."

"ఈ జబ్బుతో ఇంకా పిల్లలున్నారు తాతా. ఇలాంటి కణాలు మళ్లీ దొరకవు."

"ఆళ్లు బాగుండాల. మా పిల్లని మటుకు ఒగ్గీయండి."

రష్మిత తెర ఆపేసి లేచింది. తర్వాత లోపలికి వెళ్లి, మూత బిగించిన చిన్న పళ్లెం తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"ఇదేనా?"

"ఇదే."

"ఇంకేటీ మిగల్లేదు గదా?"

"లేదు తాతా."

నూకయ్య పళ్లాన్ని తువ్వాల్లో చుట్టి గుండెకు ఆనించుకున్నాడు. ఆమెకు దండం పెట్టబోయాడు.

"వద్దు తాతా," అంటూ రష్మిత ఆ చేతులు పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు కంసావతి ఒడ్డున నూకయ్య మళ్లీ పిండం పెట్టాడు. కోడలు మూత తీసి పళ్లెం నీళ్లలో వంచింది. "ఎల్లిపో తల్లీ," అంది. ఇంటికి వచ్చి, చాలా రోజులకు అన్నం కలుపుకుంది.

ఆ మధ్యాహ్నం రష్మిత ప్రణతి కణాలకు కొత్త మందు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఏట్లో కలిసినవి ఒక ఎలుకవి.