సున్నాలో చుక్క

ఎనభై రెండో కాగితం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

విద్యార్థులకు చనిపోవాలన్న ఆలోచనలు ఎందుకొస్తాయన్నది ఆమె పరిశోధన. కాగితం మీద ఎవరూ పేరు రాయక్కర్లేదు, టిక్కులు పెడితే చాలు. అందరూ అలాగే పెట్టారు. ఈ ఒక్కరు మాత్రం సున్నా చుట్టి మధ్యలో చుక్క పెట్టారు. 'నేను అందరికీ భారం' అన్నచోట ఒకటి. 'బతకాలని లేదు' అన్నచోట ఇంకొకటి.

ఆమె గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. గది ఊడ్చే వంతు తనదైన రోజుల్లో రూమ్మేటు పెట్టుకునే గుర్తు అదే.

ఆ పిల్ల కిటికీ దగ్గర కూనిరాగం తీస్తూ బట్టలు మడతపెడుతోంది. మొన్న తన కొత్త చెప్పులు "నువ్వే వేసుకో" అని ఇచ్చేసిన సంగతి గుర్తొచ్చి, ఆమె ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయింది.

"ఏంటక్కా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?"

అడిగితే ఏమవుతుందో? అడక్కపోతేనో?

"నీకు చనిపోవాలనిపిస్తోందా?" అడిగేసింది.

కూనిరాగం ఆగింది.

"ఎవరు రాశారో వెతకనని అందరికీ మాటిచ్చావుగా," అంది పిల్ల తలెత్తకుండా.

"ఇచ్చాను, తప్పాను. తిట్టుకో. కానీ ఇప్పుడే ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం." ఆమె వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది.

పిల్ల విడిపించుకోలేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నువ్వు కనిపెట్టకూడదనే అనుకుంటే, నాకు టిక్కు పెట్టడం రాదా అక్కా?"