చిన్నయ్య యుద్ధానికి పోయినాడు

"గంట నుంచి అదిలిస్తుండా, నీ గొర్రెలు నా కంది చేను ఒదలవేందక్కా?" కంచె అవతల నుంచి గోవిందయ్య అరిచాడు. అరిచి చెప్తేనే గాని చెంచులక్ష్మికి వినపడదు.

ఆమె లేచి, నాలుక మడిచి ఒక్క కూత పెట్టింది. మంద మొత్తం వచ్చి పెరట్లో పడుకుంది.

"ఊళ్లో ఇంకెవరికీ రాదు ఆ కూత. ఎవరు నేర్పినారు?"

"మా అమ్మ. ఆమెకు మా నాయన నేర్పినాడంట."

ఆ నాయన మాటెత్తితే చాలు, గోవిందయ్యకు నవ్వొస్తుంది. చెవుడైనా ఆ నవ్వు ఆమెకు కనపడుతుంది.

సినిమాకు మాటలొచ్చిన కొత్తలో, ఏదో రాజుల యుద్ధం తీయడానికి మనుషులు కావాలంటే, ఆమె నాయన చిన్నయ్య కురిచేడులో రైలెక్కి మద్రాసు పోయాడు. తిరిగి రాలేదు. అప్పటికి చెంచులక్ష్మి ఇంకా కడుపులో ఉంది. జ్వరమొచ్చి అక్కడే పోయాడని తల్లి చెప్పింది. ఇంకో ఆడదాంతో లేచిపోయాడని ఊరు చెప్పింది. ఎనభై నాలుగేళ్లుగా ఊరి మాటే నిలబడింది.

పోయిందనుకున్న ఆ సినిమా మొన్న ఎక్కడో దొరికి, ఫోన్లలోకి వచ్చింది. మనవరాలు గోపిక పెరటి వాకిట్లో ఫోను స్టూలు మీద ఆనించింది. గోవిందయ్య కూడా వచ్చి కూర్చున్నాడు.

"వందలమంది ఉంటారవ్వా. ఎప్పుడూ చూడని మనిషిని ఎట్ల పట్టుకుంటావు?"

"నాది ఆయన ముఖమేనంట. పెట్టు తల్లీ. అందులో ఉన్నాడని తెలిస్తే చాలు నాకు. మా అమ్మ ఆ మాట పడతానే పోయింది, పాపం."

అవ్వకు ఎట్లాగూ వినపడదని గోపిక సౌండు పెట్టలేదు. గుర్రాలు, దుమ్ము, అట్టకత్తులు. సైనికులందరికీ ఒకటే గడ్డం, ఒకటే తలపాగా. చెంచులక్ష్మి ముక్కు ఫోనుకు తగిలేంత వంగి చూసింది. యుద్ధం అయిపోయింది.

"లేడు," అని కళ్లు తుడుచుకుంది.

"ఉంటే గదా కనపడేది," గోవిందయ్య మెల్లగా అన్నాడు. ఈసారి మాత్రం నవ్వలేదు.

గోపికకు ఏడుపొచ్చింది. యుద్ధాన్ని మళ్లీ మొదటికి తెచ్చింది.

"సౌండన్నా పెట్టమ్మా, ఏం జరుగుతుందో తెలియటంలే," అన్నాడు గోవిందయ్య.

పూర్తిగా పెంచింది. సైనికులు ఎవరికొచ్చిన అరుపు వాళ్లు అరుస్తూ పరిగెత్తారు. ఆ గోలలో గోవిందయ్యకు ఒక్క ముక్కా తెలియలేదు. చెంచులక్ష్మికి అసలు వినపడనే లేదు.

పెరట్లో గొర్రెలన్నీ లేచి, ఫోను ముందుకొచ్చి నిలబడ్డాయి.