సొరంగం అవతల బూట్లు

కుర్దిన్ కుడికాలు కొత్త స్కీ బూటులోకి దిగి, నాలుగు క్లిప్పులూ బిగిశాక, కొట్టు తలుపు తోసుకుని మెంజా లోపలికి వచ్చింది.

"చచ్చాను" అన్నాడు కుర్దిన్.

"ఏం, కరుస్తోందా?" అంది అతని భార్య సెరైనా. కూతురి కోసం తీసిన స్నోబోర్డును ఆమె రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది.

"బూటు కాదు. మెంజా అత్త."

సెరైనా తలుపు వైపు చూసింది. వాళ్ళ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క స్కీ దుకాణం మెంజాది. చలికోటు గుండీలు మెడదాకా పెట్టుకుని, చేతిలో కాఫీ కప్పుతో, ఉన్ని టోపీల అరల మధ్య నుంచి ఆమె నింపాదిగా నడిచి వస్తోంది.

"మంగళవారం మన ఊరివాళ్ళెవరూ సరిహద్దు సొరంగం దాటి ఇటలీలో ఈ లివీన్యోకి రారన్నావుగా?"

"రారనే అనుకున్నాను. ఆ బోర్డు నాకు అడ్డం పెట్టు."

"బోర్డు వెడల్పు జానెడున్నర. నువ్వు రెండు బోర్డులకి సరిపోతావు."

కుర్దిన్ బల్ల మీద వీలైనంత కుంచించుకుపోయాడు. పోయిన నెల ఊరి స్కీ సంఘం సమావేశంలో, అధ్యక్షుడి హోదాలో, బల్ల గుద్ది మరీ చెప్పాడు: "నాలుగు డబ్బులు మిగులుతాయని ఇటలీకి పోయి కొనేవాడు సొంత ఊరి పొయ్యిలో నీళ్ళు పోసినట్టే." ఆ మాట జిల్లా పత్రికలో కూడా వచ్చింది. మెంజా ఆ ముక్క కత్తిరించి తన దుకాణం అద్దానికి అంటించుకుంది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా కుర్దిన్ కాసేపు ఆగి తన మాటను తానే చదువుకునేవాడు.

"లాగు, లాగు" అన్నాడు గుసగుసగా. సెరైనా బోర్డును గోడకి ఆనించి బూటు పట్టుకుని లాగింది. బల్ల కదిలింది గానీ బూటు రాలేదు.

"మడమ దగ్గర పట్టేసింది" అన్నాడు.

"అయితే బూటుతోనే పరిగెత్తు."

"డబ్బు కట్టకుండానా? అధ్యక్షుడు బూటు దొంగ అని రాస్తారు పేపర్లో."

"రాయనీ. దాన్ని కూడా అద్దానికి అంటిస్తుంది."

ఈలోగా మెంజా రానే వచ్చింది. ఎదురుగా నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"కుర్దిన్" అంది.

"అత్తా, మీరా? మేము పెట్రోలు పోయించుకుందామని వచ్చాం. ఇక్కడ చవక కదా."

మెంజా అతని కాలి వైపు చూసింది. "కాలికి పోయించుకుంటున్నావా?"

సెరైనాకి నవ్వు వచ్చింది. నవ్వకూడదని చేతి తొడుగు అంచు కొరుక్కుంది. కుర్దిన్ చెవులు ఎర్రబడ్డాయి.

మెంజా కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, క్లిప్పులు ఒక్కొక్కటే విప్పింది. "వేళ్ళు ముడవకు. మడమ పైకి ఎత్తు. అంతే" అంటూ రెండు బొటనవేళ్ళతో బూటు నోరు తెరిచింది. కాలు వెన్నలోంచి తీసినట్టు బయటకి వచ్చింది. ఏడేళ్ళ వయసు నుంచీ అతని కాళ్ళకు బూట్లు తొడిగినవీ విప్పినవీ ఆ చేతులే. పైనుంచి చూస్తే ఆమె పాపిట చుట్టూ జుట్టు బాగా తెల్లబడింది. అది కుర్దిన్ ఎప్పుడూ గమనించలేదు.

ఇక ఆగలేకపోయాడు.

"అబద్ధం చెప్పాను అత్తా. బూట్లకే వచ్చాను. ఇవే బూట్లు నవంబరులో మీ దగ్గర వేసుకుని చూశాను. అరగంట కూర్చోబెట్టి నా పాదాల కొలతలు తీశారు. ఆలోచించి చెప్తానన్నాను. ఆ కొలతల చీటీ పట్టుకునే ఇక్కడికొచ్చాను."

"చీటీ సంగతి నాకు చెప్పలేదు" అంది సెరైనా. ఆమెకిప్పుడు నవ్వు రావడం లేదు.

"ఆలోచించి చెప్తానన్నవాడు ఎవడు తిరిగొచ్చి చెప్పాడు గనక" అంది మెంజా, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. కోపంగా అనలేదు. అందుకే కుర్దిన్‌కి మరీ చివుక్కుమంది.

"రేపే రాజీనామా చేస్తాను. పెద్ద మాటలు మాట్లాడి చిన్న పని చేశానని సంఘంలో నా నోటితో నేనే ఒప్పుకుంటాను. ఈ బూట్లు నాకొద్దు. శనివారం మీ దుకాణానికే వచ్చి, మీరు చెప్పిన ధరకి కొంటాను. పాప బోర్డు కూడా."

"నువ్వు తొందరపడకు" అంది మెంజా.

"లేదత్తా, నన్ను ఆపకండి. ఈ కొట్లో ఒక్క మేజోడు కూడా కొనను."

సెరైనా ఒకసారి బోర్డు ధర చీటీ కేసి ఆశగా చూసి, దాన్ని తీసుకెళ్ళి అరలో పెట్టేసింది. కుర్దిన్ కొత్త బూట్లు రెండూ పెట్టెలో పెట్టి మూత మూశాడు. తన పాత బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే గుండె తేలికపడింది. చాలా రోజుల తర్వాత తన మీద తనకి గౌరవం కలిగింది. ఈ పశ్చాత్తాపం సంఘంలో చెబితే పత్రికవాళ్ళు ఇది కూడా వేస్తారేమో అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాడు కూడా.

"వెళ్తాం అత్తా" అని లేచి తలుపు వైపు రెండడుగులు వేశాడు.

మెంజా గబుక్కున అతని మోచెయ్యి పట్టుకుని, గల్లాపెట్టె దగ్గరున్న యజమాని వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"కూర్చోరా, ఆ పుణ్యమేదో ఇక్కడే కట్టుకో; మంగళవారాలు నా ఉద్యోగం ఈ కొట్లోనే, పొద్దుటి నుంచి ఇంకా ఒక్క జత కూడా అమ్మలేదు."