నాలుగో నంబరు మిషన్‌లో టిక్ టిక్

"మళ్ళీ వచ్చింది చూడు ఆ టిక్ టిక్ సత్తం," అంటూ మిల్లు యజమాని రాజగోపాల రాజా, పనివాళ్ళందరికీ మొదలాళి, నాలుగో నంబరు చెకింగ్ మిషన్ ముందు ఆగిపోయాడు. "విన్నావా సుడలైమణీ?"

ఫిట్టర్ సుడలైమణి చెవి ఒగ్గాడు. లైటు వెలుగుతున్న అద్దం పలక మీదుగా తెల్లటి బ్యాండేజి గుడ్డ మెల్లగా జారిపోతోంది. మోటారు సన్నగా గురకపెడుతోంది. అంతలో టిక్. కాస్త ఆగి మళ్ళీ టిక్, టిక్.

"విన్నాను అయ్యా."

"సోమవారం నుంచి నేను రౌండుకు వచ్చినప్పుడల్లా ఇదే కత. నువ్వేమో నాలుగు దినాలుగా విప్పేది, బిగించేది. ఎల్లుండి ఆయుధపూజ. పూజ అయినాక కూడా ఇది వినబడిందంటే కోయంబత్తూరు కంపెనీవాళ్ళను పిలుస్తాను. నువ్వు ఇంట్లో రెస్ట్ తీసుకో."

ఎప్పట్లాగే ఒక చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని మొదలాళి దర్జాగా ముందుకు నడిచాడు.

మిషన్ ముందు నిలబడి గుడ్డలో మరకలు పట్టే పని కణ్మణిది. ఆమె చెయ్యి కూడా ఏప్రన్ జేబులోనే ఉంది. ఆ జేబులో పిడికిట్లో ఇమిడే చిన్న బొమ్మ ఒకటుంది. ఆరు వైపులా రబ్బరు మీటలు, ఒక చక్రం.

పోయిన ఏడాది కణ్మణి కళ్ళుగప్పి ఒక నూనె మరక దాటిపోయింది. ఆస్పత్రికి పోవలసిన గుడ్డ, లాట్ మొత్తం తిరిగొచ్చింది. మొదలాళి హాల్లో అందరి ముందూ దులిపేశాడు. అప్పట్నుంచీ ఆయన వెనక నిలబడితే చాలు, ఆమెకు కళ్ళు మసకలు కమ్మేవి, వేళ్ళు నోట్లోకి పోయేవి. గోళ్ళు కొరికి కొరికి ఇక కొరకడానికి మిగల్లేదు. చూడలేక కూతురు ఆదివారం ఈ బొమ్మ తెచ్చి చేతిలో పెట్టింది.

"వేళ్ళకు పనీ వేలా ఇస్తే మనసు ఒకచోట నిలుస్తుందమ్మా. బస్టాండు పక్క కొట్లో కొత్తగా వచ్చినాయి. పెద్ద పెద్దవాళ్ళే కొనుకుపోతుండారు."

కణ్మణి నవ్వి ఊరుకుంది గానీ, బొమ్మ మాత్రం పనిచేసింది. మొదలాళి వచ్చినప్పుడల్లా జేబులో నొక్కుతూ నిలబడింది. నాలుగు రోజుల్లో ఒక్క మరక కూడా ఆమెను దాటి పోలేదు.

చిక్కల్లా గోడ మీది బోర్డుతోనే. జేబులో ఏ వస్తువూ పెట్టుకుని లోపలికి రాకూడదని ఎర్ర అక్షరాలు, కింద మొదలాళి సంతకం. దొరికితే ఉద్యోగం ఊడినట్టే. దొరక్కపోతే సుడలైమణిది ఊడుతుంది. ఇరవై ఏడేళ్ళుగా బేరింగు చప్పుడు విని దాని వయసు చెప్పే మనిషి, ఇప్పుడు తోటివాళ్ళ ఎగతాళి వింటూ నట్లు తుడుచుకుంటున్నాడు. అది చూస్తూ ఆమెకు ముద్ద దిగలేదు.

మరునాడు మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్ళాక బొమ్మను తెచ్చి అతని చేతిలో పెట్టేసింది.

"మిషన్‌లో ఏమీ లేదు అన్నా. సత్తం దీనిది. మొదలాళిని చూస్తే భయం, నొక్కుతాను. నువ్వే పోయి చెప్పేయి. నా వేల పోతే పోనీ, నీ పేరు పోకూడదు."

సుడలైమణి బొమ్మను చెవి దగ్గర పెట్టుకుని నొక్కాడు. కళ్ళు మూసుకుని ఇంకోసారి నొక్కాడు. రబ్బరు మెత్తగా అణిగి లేచింది. నాలుగు రోజుల తర్వాత అతని ముఖంలో నవ్వు కనిపించింది.

"నీది నువ్వే పెట్టుకోమ్మా. ఎవరికీ చెప్పొద్దు."

"మరి మిషనో?"

"నూనె ఎక్కడ పడాలో తెలిసిపోయింది. నువ్వు పోయి అన్నం తిను."

ఆయుధపూజ నాడు అమ్మవారి పటం ముందు కత్తెర్లు, స్పానర్లు, తూకం రాళ్ళు బారుగా పేర్చారు. సుడలైమణి ఈసారి ఒక పళ్ళెం పట్టుకుని మొదలాళి దగ్గరికే వెళ్ళాడు.

"మీవి కూడా పెట్టండి అయ్యా. చేతికి దినం అలవాటైనవన్నీ పెట్టాల. దాచుకుంటే అమ్మవారికి కోపం."

మొదలాళి పెన్ను పెట్టాడు. కారు తాళాలు పెట్టాడు. కాస్త తటపటాయించి, మధ్యలో ఉబ్బెత్తుగా మడతపెట్టిన చేతిరుమాలు కూడా పెట్టాడు. ఆయనకు చేతిరుమాలు కూడా ఆయుధమేనా అని ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. మరునాటి దాకా పూజలో వస్తువులు ఎవరూ కదపకూడదు. కాపలా ఏటా సుడలైమణిదే.

విజయదశమి పొద్దున ఎవరి వస్తువులు వాళ్ళకు ఇచ్చేశాక, ముహూర్తానికి మిషన్లు ఒక గంట నడిపారు. మొదలాళి నేరుగా నాలుగో నంబరు దగ్గరికి వచ్చి, జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. నొక్కకూడదని కణ్మణి పొద్దుట్నుంచీ ఒట్టు పెట్టుకుంది. ఆయన్ను చూడగానే వేళ్ళు మాట వినలేదు, జేబులో నొక్కేశాయి. ఒకసారి కాదు, పదిసార్లు.

టిక్ లేదు, టుక్ లేదు. మోటారు గురక ఒక్కటే.

"బలే," అన్నాడు మొదలాళి. "ఏమి చేసినావు సుడలైమణీ?"

"చిన్న స్ప్రింగు అయ్యా. నూనె పెట్టినాను."

"ఇన్ని దినాలు దొరకలేదే?"

"చేతికి అందే చోటే ఉండింది. నేనే మిషన్‌లో వెతికినాను."

మొదలాళి జేబులోంచి చెయ్యి తీసి, కదులుతున్న గుడ్డ మీద మెచ్చుకోలుగా రెండుసార్లు తట్టాడు. "ఇంకెవరినీ పిలవొద్దు. నువ్వే చూసుకో," అని తిరిగి నడిచాడు.

గుడ్డ అద్దం పలక మీద జరిగింది. కణ్మణి చూపు టక్కున ఆగింది. ఇప్పుడే శుభ్రంగా చూసిన చోట, మొదలాళి చెయ్యి తగిలిన దగ్గర, గుండ్రంగా, బొటనవేలంత నూనె మరక. ఇంకా తడిగానే ఉంది. ఆమె మిషన్ ఆపి సుడలైమణి వైపు చూసింది. అతను పైకప్పు ఫ్యాను వైపు చూస్తున్నాడు. ఆమె మొదలాళి వైపు తిరిగింది.

మళ్ళీ జేబులోకి పోయిన ఆయన బొటనవేలు, అచ్చం ఆమె వేళ్ళలాగే, లోపల దేన్నో ఇప్పుడు చప్పుడు లేకుండా నొక్కుతూనే ఉంది.